నానోట్యూబుల మెంబ్రేన్‌లో నీళ్లు జారిపోతాయి, సరే. ఉప్పు ఆగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఎం.టెక్ కెమికల్ ప్రాజెక్టుకి కార్బన్ నానోట్యూబులతో (కార్బన్‌తో చేసిన అతి సన్నటి గొట్టాలు) ఉప్పునీటిని మంచినీరు చేసే డీశాలినేషన్ మెంబ్రేన్ చేద్దామనుకుంటున్నారు. వాటిలోంచి నీళ్లు వెయ్యి రెట్లు వేగంగా పోతాయనీ, కరెంటు ఖర్చు సగానికి పడిపోతుందనీ చదివారు. మరి అంత గొప్పదైతే చెన్నై ప్లాంట్లలో ఇప్పటికీ ఎందుకు లేదు, ఏడాదిలో చేయగలిగే పని ఏదైనా ఉందా, నల్గొండ దగ్గర మీ ఊరి ఫ్లోరైడ్ నీళ్లకు పనికొస్తుందా అన్నారు.

నేను ఎం.టెక్‌లో ఈ మసే పూసుకున్నాను. తర్వాత పదహారేళ్లుగా సముద్రపు నీటి ఆర్వో ప్లాంట్లలో పని చేస్తున్నాను. ల్యాబ్‌లో ఆశపడ్డవాడినీ నేనే, ప్లాంటులో ఆ ఆశ ఎక్కడ ఆగిపోతుందో చూసినవాడినీ నేనే. కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను.

ముందు ఆ వెయ్యి రెట్ల సంగతి. మాట నిజమే, కానీ దేనికంటే వెయ్యి రెట్లు? బజార్లో దొరికే ఆర్వో మెంబ్రేన్ కంటే అని చాలామంది అనుకుంటారు. కాదు. అంత సన్నటి గొట్టంలో నీళ్లు ఇంత వేగంతో పోవాలని పాఠ్యపుస్తకంలోని హాగెన్–పోయిజె సూత్రం ఒక లెక్క ఇస్తుంది కదా, దానికంటే వెయ్యి రెట్లు. ఆ సూత్రం గోడను ఆనుకున్న నీటి పొర కదలదని ముందే అనుకుంటుంది. నానోట్యూబులో ఆ ఊహ చెల్లదు. లోపలి గోడ గ్రాఫైట్ రేకును చుట్టచుట్టినట్టు నున్నగా ఉంటుంది, నీటిని పట్టుకోదు. పాచి పట్టిన చెరువు మెట్టు మీద కాలు పెట్టినట్టు నీళ్లు జారిపోతాయి.

2001లో గెర్హార్డ్ హమ్మర్ బృందం కంప్యూటర్ సిమ్యులేషన్‌లో 0.81 నానోమీటర్ల గొట్టంలోకి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరుస కట్టి వెళ్లడం చూపించింది. 2005లో కెంటకీ యూనివర్సిటీ వాళ్లు పాలిస్టైరిన్‌లో పొదిగిన 7 నానోమీటర్ల గొట్టాలతో ప్రయోగం చేసి, లెక్క కంటే నాలుగైదు సున్నాలు ఎక్కువ వేగం వచ్చిందన్నారు. 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు సగటున 1.6 నానోమీటర్ల గొట్టాలను సిలికాన్ నైట్రైడ్‌లో నిలువుగా నిలబెట్టి కొలిచారు. మీరు చదివిన వెయ్యి రెట్లు అక్కడిదే. చిన్న పిట్టకథ: 2016లో పారిస్ బృందం ఒక్కొక్క గొట్టాన్ని విడిగా కొలిచి, సన్నబడేకొద్దీ జారుడు పెరుగుతుందని చూపింది. అచ్చం అలాంటి ఆకారమే ఉన్న బోరాన్ నైట్రైడ్ గొట్టంలో మాత్రం జారుడే లేదు. అంటే గోడ నునుపు ఒక్కటే కారణం కాదు, ఆ గోడలోని ఎలక్ట్రాన్ల తీరుకీ ఇందులో పాత్ర ఉంది. ఆ లోతు మనకిప్పుడు అక్కర్లేదు గానీ, వైవాలో ఎవరైనా అడిగితే పనికొస్తుంది.

ఇంతవరకూ చెప్పిందంతా నీళ్లు పోవడం గురించే. మనకు కావలసింది ఉప్పు ఆగడం.

నీటి అణువు సుమారు 0.28 నానోమీటర్లు. సోడియం అయాన్ ఒంటరిగా తిరగదు, చుట్టూ నీటి అణువుల గొడుగు వేసుకుని తిరుగుతుంది. ఆ గొడుగుతో కలిపి దాని వ్యాసం 0.7 నానోమీటర్ల పైనే. 1.6 నానోమీటర్ల గొట్టంలో అది గొడుగు ముడవకుండానే దర్జాగా వెళ్లిపోగలదు. పరిమాణంతో ఆపాలంటే గొట్టం 0.8 దరిదాపుల్లోనో, ఇంకా సన్నగానో ఉండాలి. బెన్ కారీ 2008లో చేసిన సిమ్యులేషన్లలోనూ ఇదే తేలింది. సన్నటి గొట్టాలు అయాన్లను ఆపుతాయి, ఒక్క మెట్టు లావైతే చాలు, వదలడం మొదలవుతుంది. ఇప్పుడు చిక్కు చూడండి. అన్నీ కచ్చితంగా 0.8 ఉండేలా, నిలువుగా, ఒత్తుగా గొట్టాలను పెంచడం ఎవరికీ సులువు కాలేదు. ఫర్నేసులో ఇనుప రేణువుల మీద గొట్టాలు మొలుస్తాయి. రేణువు ఎంత ఉంటే గొట్టం దాదాపు అంత. రేణువులన్నీ ఒకే సైజులో ఉండవు, వేడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

"గొట్టం మూతి దగ్గర ఋణావేశం పెడితే క్లోరైడు రాదు, దానితోపాటు సోడియమూ రాదు కదా" అని మీ గైడు అనవచ్చు. నిజమే. లివర్‌మోర్ వాళ్లే 2008లో అది చేసి చూపించారు, కొన్ని పరిస్థితుల్లో 98 శాతం దాకా అయాన్లను ఆపారు. ఆ "కొన్ని పరిస్థితులు" అన్నచోటే ఆగి చదవాలి. ఆవేశం ప్రభావం ఎంత దూరం పాకుతుందో చెప్పే డిబై పొడవు అని ఒకటుంది. లీటరుకు ఒక మిల్లీమోల్ ఉప్పున్న పలుచటి నీటిలో అది సుమారు 10 నానోమీటర్లు. సముద్రపు నీటిలో 0.4 మాత్రమే. 1.6 వెడల్పున్న ద్వారంలో రెండు గోడల నుంచీ చెరో 0.4 దాకానే కాపలా ఉంటుంది, మధ్యలో సగం దారి తెరిచే ఉంటుంది. పలుచటి నీటిలో బ్రహ్మాండంగా పనిచేసిన మెంబ్రేన్ సముద్రపు నీటి ముందు చేతులెత్తేసేది అందుకే. ఉప్పు గాఢత పెంచేకొద్దీ ఆపే శాతం పడిపోతుందని ఆ పేపరులోనే ఉంది. చాలామంది చివరిదాకా చదవరు.

2017లో అదే ల్యాబ్ కేంద్రంగా చేసిన పనిలో 0.8 నానోమీటర్ల పొట్టి గొట్టాలను కొవ్వు పొరలో పొదిగితే, మన కణాల్లో నీటికి దారి ఇచ్చే ఆక్వాపోరిన్ అనే ప్రొటీన్లను మించి నీళ్లు పోనిచ్చాయి. సైన్సుగా చూస్తే నాకు చాలా ముచ్చటేసిన ఫలితం అది. కానీ కొవ్వు పొరను 60 బార్ల ప్రెషర్ కింద పెట్టి రోజుకి పది కోట్ల లీటర్లు తీయలేం.

ఇక నన్ను ఏడిపించిన సంగతి: చిల్లు. ల్యాబ్‌లో నా మెంబ్రేన్ అరచేతిలో సగం ఉండేది. కంటికి నల్లటి సిల్కు గుడ్డలా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. సెల్‌లో బిగించి ప్రెషర్ పెట్టాను, నీళ్లు ధారగా వచ్చాయి. ఆ పూట ఎంత సంతోషపడ్డానో! పక్క బల్ల మీద నీటిలో ఉప్పెంతుందో చెప్పే కండక్టివిటీ మీటరు ఉంది. ఫీడ్‌ను (లోపలికి పంపే నీరు) కొలిచి పర్మియేట్‌ను (మెంబ్రేన్ దాటి వచ్చిన నీరు) కొలిస్తే రెండూ ఒకటే. మీటరు పాడైందేమో అని డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి చూశాను. మీటరు బాగానే ఉంది. మా సీనియర్ ఒకాయన వచ్చి, మెంబ్రేన్‌ను లైటుకి ఎదురుగా పట్టుకో అన్నారు. ఒక మూల సూదిమొనంత వెలుగు చుక్క. వచ్చిన నీళ్లలో ఎక్కువ భాగం ఆ చుక్కలోంచే.

దీన్ని లెక్కగా చూద్దాం, మీకు థీసిస్‌లో కూడా పనికొస్తుంది. రంధ్రంలోంచి పోయే నీరు వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఒక మైక్రాన్ చిల్లు 1.6 నానోమీటర్ల గొట్టం కంటే 625 రెట్లు వెడల్పు. దాని నాలుగో ఘాతం సుమారు 15 వేల కోట్లు. గొట్టానికి వెయ్యి రెట్ల జారుడు లాభం ఇచ్చి భాగిస్తే 15 కోట్లు. అంటే ఒక్క మైక్రాన్ చిల్లు 15 కోట్ల గొట్టాలతో సమానం, పొడవు ఒకటే అనుకుంటే. ఒక చదరపు సెంటీమీటరులో పదివేల కోట్ల గొట్టాలు తెరుచుకుని ఉన్నాయనుకోండి, మంచి మెంబ్రేన్‌కి ఆ స్థాయి వస్తుంది. అలాంటి చిల్లులు ఏడు పడితే ఒక శాతం నీరు ఉప్పుతో సహా దాటిపోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 35,000 మిల్లీగ్రాముల ఉప్పు. అందులో ఒక శాతం 350. గొట్టాలు నూటికి నూరు పాళ్లూ ఉప్పును ఆపినా, కేవలం ఆ చిల్లుల వల్లనే మీ మంచినీటి టీడీఎస్ (కరిగిన లవణాలు) 350. మన బీఐఎస్ ప్రమాణం 500 లోపు ఉండమంటుంది. సముద్రపు నీటికి వాడే, పాలిమైడ్ అనే పాలిమర్‌తో చేసిన మామూలు మెంబ్రేన్ ఉప్పును 99.7 శాతానికి పైగా ఆపుతుంది.

ఇప్పుడు ప్లాంటు సైజు ఊహించండి. చెన్నై దగ్గర మీంజూరులో 2010లో, నెమ్మెలిలో 2013లో రోజుకి పదేసి కోట్ల లీటర్ల ప్లాంట్లు మొదలయ్యాయి. నెమ్మెలి పక్కనే 15 కోట్ల లీటర్ల రెండో ప్లాంటు 2024లో మొదలైంది. పది కోట్ల లీటర్లకి, చదరపు మీటరుకు గంటకి 14 లీటర్ల చొప్పున తీస్తే, దాదాపు మూడు లక్షల చదరపు మీటర్ల మెంబ్రేన్ కావాలి. డెబ్బై ఎకరాల పైమాటే. ఒక్కోటి 37 చదరపు మీటర్లుండే ఎనిమిది అంగుళాల ఎలిమెంట్లు (చుట్టచుట్టిన మెంబ్రేన్లు) ఎనిమిది వేలు. డెబ్బై ఎకరాల నల్ల గుడ్డ నేయాలి, పాలిమైడ్‌తో సమానం కావాలంటే చదరపు సెంటీమీటరుకి ఒక మైక్రాన్ సైజు చిల్లులు రెండు దాటకూడదు. పాలిమైడ్‌తో ఇది సాధ్యమవుతోంది, ఎందుకంటే అది తనను తానే సరిచేసుకుంటుంది. నీటిలో ఎంపీడీ అనే రసాయనం, హెక్సేన్‌లో టీఎంసీ అనే ఇంకోటి, రెండూ కలిసే గీత మీద పొర పుడుతుంది. ఎక్కడ చిల్లు మిగిలితే అక్కడికే ఎంపీడీ ఇంకా వస్తుంది, అక్కడే మళ్లీ పొర కడుతుంది. జాన్ కాడొట్ డెబ్బైల్లో కనిపెట్టిన ఈ పద్ధతిని ఇన్నేళ్లయినా ఎవరూ కదిలించలేకపోవడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే. నానోట్యూబుల పొరకి ఆ గుణం లేదు.

కరెంటు సగం తగ్గడం గురించి. సముద్రపు నీటి నుంచి సగం మంచినీరుగా తీయడానికి ప్రకృతి నియమం ప్రకారం వెయ్యి లీటర్లకు కనీసం 1.06 యూనిట్లు కావాలి. ఎంత తెలివైన మెంబ్రేన్ వచ్చినా దాని కిందికి పోదు. మంచి ప్లాంట్లలో ఆర్వో దశ ఒక్కటే రెండు, రెండున్నర యూనిట్లలో నడుస్తోంది. సముద్రంలోంచి తోడటం, ముందస్తు శుద్ధి, పంపిణీ అన్నీ కలిపితే మూడు, నాలుగు. కాబట్టి మెంబ్రేన్ వల్ల మిగలడానికి ఉన్న చోటే తక్కువ. బావిలోంచి నీళ్లు చేదేటప్పుడు గిలకకి నూనె రాస్తే చేతికి సుఖంగా ఉంటుంది, నిజమే. బావి లోతు మాత్రం తగ్గదు. సముద్రపు నీటి ఆస్మాటిక్ ప్రెషర్, అంటే ఉప్పు తనవైపు నీటిని లాగే ఒత్తిడి, సుమారు 27 బార్లు. సగం నీరు తీసేశాక మిగిలిన రిజెక్ట్‌ది దానికి రెట్టింపు, 54 దాకా. పంపు దాన్ని దాటే ఒత్తిడి ఇవ్వాల్సిందే. అది బావి లోతు. మెంబ్రేన్ ఎంత నున్నగా ఉన్నా ఆ 54 అలాగే ఉంటుంది.

ఎంఐటీ వాళ్లు 2014లో దీన్ని మోడల్ చేశారు. నీటిని మూడు రెట్లు పోనిచ్చే మెంబ్రేన్ దొరికితే, సముద్రపు నీటి ప్లాంటులో కరెంటు 15 శాతం తగ్గుతుంది. లేదంటే కరెంటు అలాగే ఉంచి ఎలిమెంట్లను పెట్టే ప్రెషర్ వెసెల్స్ 44 శాతం తగ్గించుకోవచ్చు. తక్కువ ఉప్పున్న బోరు నీటికైతే కరెంటు 46 శాతం తగ్గుతుంది. మీరు చదివిన "సగం" బహుశా ఈ రెండో అంకె అయ్యుంటుంది. అది సముద్రానిది కాదు, బోరు నీళ్లది. మీ ఊరి సంగతికి వచ్చినప్పుడు దీన్ని మళ్లీ తీస్తాను.

వెసెల్స్ తగ్గితే పెట్టుబడి తగ్గుతుంది కదా అంటారా? అక్కడ ఇంకో ముడి ఉంది. నీళ్లు వేగంగా దాటేకొద్దీ ఉప్పు మెంబ్రేన్ ముఖం మీద పోగుపడుతుంది. సినిమా హాలు గేటు దగ్గర టికెట్ ఉన్నవాళ్లు లోపలికి పోతుంటే లేనివాళ్లు అక్కడే ముసురుకున్నట్టు. ఉప్పు వెనక్కి మళ్లే వేగాన్ని కూడా నీటి వేగం లెక్కలోనే చదరపు మీటరుకు గంటకి 100 లీటర్లు అనుకుంటే, 15 లీటర్లు తీసేటప్పుడు మెంబ్రేన్ ముఖం మీద ఉప్పు బయటి కంటే 16 శాతం ఎక్కువ. 45 లీటర్లు తీస్తే 57 శాతం ఎక్కువ. అంటే మొదటి ఎలిమెంట్ దగ్గరే 27 బార్లు కాస్తా 42 అయి కూర్చుంటాయి. మెంబ్రేన్ మూడు రెట్లు ఇవ్వగలదు, ఎదురుగా ఉన్న నీరు ఇవ్వనివ్వదు. పైగా ఉప్పుతో పాటు చెత్త కూడా అంతే జోరుగా వచ్చి అంటుకుంటుంది.

ఆ చెత్తని దగ్గరగా చూస్తే గానీ ప్లాంటు మనిషి బాధ అర్థం కాదు. రెండో ఏడో మూడో ఏడో ప్రెషర్ తేడా పెరుగుతున్న ఎలిమెంట్‌ను తీసి కోస్తాం. దీన్ని అటాప్సీ అనే అంటాం, నిజంగా అలాగే ఉంటుంది. గ్రైండర్‌తో ఫైబర్ గ్లాసు పెంకు చీల్చి, లోపల చుట్టిన చాపలాంటి మెంబ్రేన్‌ను బల్ల మీద పరుస్తాం. తెల్లగా ఉండాల్సిన ముఖం మీద బెల్లం పాకం రంగు జిగురు. వేలితో తోస్తే పాల మీద మీగడలా ముడత పడుతుంది. ఎండు చేపలూ మురుగూ కలిసిన వాసన, ఆ రోజు భోజనం సయించదు. అది బ్యాక్టీరియా కట్టుకున్న ఇల్లు. దాన్ని చంపడానికి క్లోరిన్ ఉంది, కానీ క్లోరిన్ పాలిమైడ్‌నే తినేస్తుంది. అందుకని ముందు క్లోరిన్ వేసి, మెంబ్రేన్ దగ్గరికి వచ్చేలోపు సోడియం మెటాబైసల్ఫైట్ వేసి దాన్ని తీసేస్తాం. సరిగ్గా ఎక్కడ కాపలా కావాలో అక్కడ కాపలా ఉండదు. ఒకసారి ఒక ప్లాంటులో బైసల్ఫైట్ డోసింగ్ పంపు రాత్రి షిఫ్టులో గాలి పట్టి ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి ఒక ట్రెయిన్‌లో (కలిసి నడిచే వెసెల్స్ వరుస) పర్మియేట్ కండక్టివిటీ మెల్లిగా ఎక్కడం మొదలుపెట్టింది, ఇక దిగలేదు. ఆ వారం మా అందరికీ ఉన్న టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ప్లాంటు వాడిని "నీకేం కావాలి?" అని అడిగితే "వేగం" అనడు. క్లోరిన్ తట్టుకోవాలి, బురద అంటకూడదు, బోరాన్‌ను ఇంకాస్త ఆపాలి అంటాడు. బోరిక్ ఆమ్లానికి ఆవేశం ఉండదు, అణువు చిన్నది, పాలిమైడ్‌లోంచి జారుకుంటుంది. సముద్రంలో లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2.4 లోపు ఉండాలంటుంది. దానికోసమే కొన్నిచోట్ల నీటిని రెండోసారి ఆర్వోలోంచి పంపాల్సి వస్తుంది. యేల్‌లో మెనహెమ్ ఎలిమెలెక్ బృందం 2016లో ఇదే వాదించింది: ఇంకా ఎక్కువ నీరు పోనిచ్చే మెంబ్రేన్ కాదు, ఇంకా బాగా ఎంచుకునే మెంబ్రేన్ కావాలని. నేను వాళ్ల పక్షమే.

ఇంత చెప్పాక నానోట్యూబులు దండగ అంటున్నానని అనుకోకండి. నీళ్ల పైపులుగా వాటి మీద నాకు నమ్మకం తక్కువ. వేరే ఉద్యోగంలో మాత్రం బాగా పనికొస్తాయి.

ఒకటి, పాలిమైడ్‌లో కలపడం. జపాన్ షిన్షూ యూనివర్సిటీలో ఎండో బృందం బహుళ గోడల నానోట్యూబులను పాలిమైడ్‌లో గట్టిగా దట్టించి, క్లోరిన్‌ను ఎక్కువ తట్టుకునే, మురికి తక్కువగా అంటుకునే మెంబ్రేన్లు చేసింది. ఇక్కడ గొట్టాలు నిలువుగా లేవు, అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. నీళ్లు వాటి లోపలి నుంచి పోవాలన్న పట్టింపే లేదు. గోడ కట్టే మట్టిలో గడ్డి కలిపినట్టు, పాలిమర్‌ను అవి పట్టి ఉంచుతాయి. రెండు, పాలిమైడ్ కింద పరుపులా వేయడం. నానోట్యూబుల వల మీద సుమారు 10 నానోమీటర్ల మందం పాలిమైడ్ పొర చిల్లు పడకుండా కట్టగలిగారు. మామూలు ఆర్వోలో అది 100 పైనే ఉంటుంది. అది ఆర్వో కంటే వదులైన నానోఫిల్ట్రేషన్‌కి చేసినది, అయినా ఆలోచన బాగుంది. మూడు, కరెంటు. నానోట్యూబులు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి, అవి పరిచిన మెంబ్రేన్ మీద చిన్న వోల్టేజీ పెడితే మురికి అంటడం తగ్గుతుంది. డేవిడ్ జాస్బీ, ఎరిక్ హోక్ వాళ్లు దీని మీద చాలా పని చేశారు. నాలుగోది మెంబ్రేన్ డిస్టిలేషన్, దాని గురించి కిందే చెబుతాను, మీ ప్రాజెక్టు అదే కావచ్చు కాబట్టి.

మధ్యలో ఒక మాట. మన దేశం నుంచి ఈ రంగంలో గట్టిగా వినిపించిన పేరు బనారస్ హిందూ యూనివర్సిటీ. 2004లో ఓంకార్ నాథ్ శ్రీవాస్తవ, పులిక్కల్ అజయన్ తదితరులు నానోట్యూబులతోనే ఒక బోలు స్తంభం లాంటి ఫిల్టర్ చేసి, ఈ.కోలై బ్యాక్టీరియాను, పోలియో వైరస్‌ను నీటి నుంచి వేరుచేశారు. చాలా మంచి పని. కానీ అది ఉప్పును ఆపే మెంబ్రేన్ కాదు. ఇంటి ప్యూరిఫైయర్ల మీద "నానో కార్బన్" అని చూసి ఉప్పు కూడా పోతుందనుకునేవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. వైరస్‌కీ సోడియం అయాన్‌కీ మధ్య, గుమ్మడికాయకీ ఆవగింజకీ ఉన్నంత తేడా ఉంది.

ఇక మీ ఊరు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, 1 లోపు మంచిది. పంచాయతీ వాటర్ ప్లాంటులో వచ్చే బోరు నీటి టీడీఎస్ 2,000 అనుకున్నా, ఆస్మాటిక్ ప్రెషర్ ఒకటిన్నర బార్ల దగ్గరే. బావి లోతు తక్కువ, అందుకే గిలక నునుపుకి ఇక్కడ విలువ ఉంది. ఆ 46 శాతం వచ్చింది ఇలాంటి నీటికే. అయితే తక్కువ ప్రెషర్‌తో నడిచే పాలిమైడ్ ఎలిమెంట్లు బజార్లో ఇప్పటికే ఉన్నాయి. మీ ఊరి ప్లాంటుకి వెళ్లి వెనక పైపు చూడండి. రిజెక్ట్ ఎక్కడికి పోతోంది? ఫీడ్‌లో ఫ్లోరైడ్ 4 ఉండి సగం నీరు తీస్తే, రిజెక్ట్‌లో దాదాపు 8. అది పక్క కాలువలోకో గుంటలోకో పోయి, మళ్లీ భూమిలోకే ఇంకుతుంది. అసలు సమస్య అక్కడుంది. ఇంకా ఎక్కువ నీరు తీద్దామంటే కాల్షియం లవణాలు పెంకులా కట్టి మెంబ్రేన్‌ను మూసేస్తాయి. నీటిని ఎంత వేగంగా పోనిచ్చినా ఇది తీరదు.

అందుకే నా సలహా: 55 బార్ల పంపు కోసం మీ కాలేజీలో వెతుక్కోకండి. మెంబ్రేన్ డిస్టిలేషన్ తీసుకోండి. 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) మెంబ్రేన్, నీరు తడపలేనిది. ఒకవైపు 60–70 డిగ్రీల వేడి రిజెక్ట్, రెండోవైపు చల్లటి మంచినీరు. ఆవిరి మాత్రమే దాటుతుంది. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, ఇవతలే ఉండిపోతుంది. ఉప్పు ఎంత గాఢంగా ఉన్నా ఆర్వోలా పంపు రొప్పదు. న్యూజెర్సీలో సోమనాథ్ మిత్రా బృందం ఇలాంటి మెంబ్రేన్‌లో నానోట్యూబులను పొదిగి, ఆవిరి దాటడం పెరిగిందని 2011 నుంచి చూపిస్తూ వచ్చింది. 2017లో జాస్బీ వాళ్లు నానోట్యూబుల పొరకే కరెంటు ఇచ్చి, నీటినంతా కాచకుండా మెంబ్రేన్ ముఖం దగ్గరే వేడి పుట్టించారు. మీకు కావలసినవి ఒక హాట్ ప్లేటు, రెండు చిన్న పంపులు, రెండు థర్మామీటర్లు, ఒక తూకం, ఒక కండక్టివిటీ మీటరు, ఒక ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్. ఏడాదిలో అవుతుంది.

చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. నానోట్యూబుల పొడి నీటిలో వేస్తే కాటుక ముద్దలా గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. ఆమ్లంతో కార్బాక్సిల్ గుంపులు తగిలించినవి కొంటే కొంత నయం. శబ్ద తరంగాలతో కలిపే సోనికేటర్‌లో పెట్టాక సీసాను ఒక రాత్రి కదపకుండా వదిలేయండి. పొద్దున పైన తేట, అడుగున నలుపు కనిపిస్తే ఆ ఇంకుతో పూత వేయొద్దు, ఎంత బాగా ఫిల్టర్ చేసినా మచ్చలు మచ్చలుగానే పడుతుంది. అలాగని సోనికేటర్‌ను గంటలకొద్దీ నడిపితే గొట్టాలు తునాతునకలవుతాయి.

పొడిని మాత్రం ఎప్పుడూ ఫ్యూమ్ హుడ్ బయట తెరవకండి. పొడవాటి, బిరుసైన నానోట్యూబులు ఎలుకల్లో ఆస్బెస్టాస్ లాంటి ప్రభావం చూపాయని 2008లోనే వచ్చింది. ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బి జాబితాలో పెట్టింది. మా రోజుల్లో మూతికి చేతిరుమాలు కట్టుకుని తూచేవాళ్లం. తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. వీలైతే పొడి వద్దు, నీటిలో కలిపి అమ్మే ఇంకే కొనండి.

అన్నిటికంటే ముఖ్యమైనది పోలిక మెంబ్రేన్. ఈ రంగంలో నేను చూసిన పేపర్లలో సగం ఇక్కడే తప్పటడుగు వేశాయి. నానోట్యూబులు వేసినది ఒకటి, వేయనిది ఒకటి, తేడా వచ్చింది, కాబట్టి గొట్టాల మహిమ అని రాసేస్తారు. మీరు మూడోది కూడా చేయండి: నానోట్యూబులకు బదులు అంతే బరువు కార్బన్ బ్లాక్, అంటే టైర్లలో వేసే మసి. దానికి గొట్టం లేదు, నునుపు గోడ లేదు. దానితోనూ అంతే లాభం వస్తే మీరు చూసింది గొట్టం వల్ల కాదు, ముఖం గరుకు మారడం వల్లో, వేడి పట్టడం వల్లో వచ్చినది. అది కూడా మంచి ఫలితమే, థీసిస్‌లో తలెత్తుకుని రాయొచ్చు. మూడు రకాలూ ఒకే రోజు, ఒకే సీసా రసాయనాలతో, ఒక్కోటి కనీసం మూడు ముక్కలు చేయండి. ప్రతి ముక్కనూ సెల్‌లో పెట్టేముందు లైటుకి ఎదురుగా పట్టి చూడండి, పూత ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ఊడిందో తెలుస్తుంది. పీటీఎఫ్ఈలో అసలు చిల్లుంటే పర్మియేట్ కండక్టివిటీయే చెప్పేస్తుంది.

మొదటి పరుగు ఉప్పునీటితో వద్దు, వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఆరు గంటలు నడిపి ప్రతి అరగంటకీ తూకం రాసుకోండి. గీత నిలకడగా ఉంటేనే మీ ఊరి రిజెక్ట్ క్యాను తెప్పించుకోండి. క్యాను నిండా నింపి మూత బిగించమనండి. గాలి మిగిలితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, దారిలోనే సున్నం అడుగున కూర్చుంటుంది. మీ చేతికొచ్చే నీరు, ప్లాంటు వెనక పైపులోంచి వచ్చే నీరు అప్పుడు ఒకటి కావు. మొదటి వారం అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి, గ్రాఫు కాదు, మీరు రాసుకున్న పట్టికే పెట్టండి. చూసి చెబుతాను.